ఫసలీ 1322: ఒక చిన్న కాలేజీ పాత ఫొటోల కేసు

ఈ కేసులో కాలేజీ పేరు, ఊరి పేరు, ఎస్టేటు పేరు రాయడం లేదు. కోస్తాలో ఒకచోట అనుకోండి, చాలు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని కావాలనే వదిలేశాను. పాత ఫొటోలు, గాజు నెగటివ్‌లు శుభ్రం చేసి, స్కాన్ చేసి, జాబితా రాసిపెట్టడం నా పని. ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్నాను. అయినా ఈ కేసులో చేయకూడని పనులు మూడు చేశాను. అవి బయటపడిన తీరు కోసమే ఇది రాస్తున్నాను.

నేపథ్యం

కోస్తాలో చాలా పాత కాలేజీలు జమీందారీల చేతి మీదుగా లేచినవే. విజయనగరం మహారాజా కళాశాల, కాకినాడ పిఠాపురం రాజా కళాశాల అందరికీ తెలుసు. అంత పేరు లేని చిన్నవి కూడా ఉన్నాయి. దివాణం, అంటే జమీందారు కచేరీ, ఇచ్చిన స్థలంలో, అదే ఇచ్చిన డబ్బుతో ముందు హైస్కూలుగా మొదలై, తర్వాత పై తరగతులు పెట్టుకుని, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా మద్రాసు యూనివర్సిటీ కింద నడిచినవి. ఇది ఆ రకం కాలేజీ. చుట్టూ ఎస్టేటు ఊళ్లు, ఒక పెద్ద చెరువు, దాని కింద వరి.

1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాక దివాణాల కాగితాలు తలో దిక్కూ పోయాయి. నేను చూసినంతలో శిస్తు లెక్కలు సర్కారు ఆఫీసులకు చేరాయి. దావాల కాగితాలు వకీళ్ల ఇళ్లలో మిగిలాయి. తక్కినవి అటకెక్కి, అక్కణ్ణుంచి చిత్తుకాగితాల బండెక్కాయి. ఫొటోలతో ఎవరికీ లెక్కల పని లేదు కాబట్టి వాటిని ఎవరూ అడగలేదు. ఇక్కడ దివాణం మేడ ఖాళీ చేసినప్పుడు ఎవరో పుణ్యాత్ములు ఫొటో పెట్టెలను పారేయకుండా కాలేజీకి పంపారు. కాలేజీవాళ్లు వాటిని మెట్ల కింద గదిలో పెట్టి తాళం వేశారు.

తెచ్చిచ్చినవి, అడిగింది

మూడు టేకు పెట్టెల్లో 146 గాజు ప్లేట్లు. 1980ల నాటి జిగురు పేజీల ఆల్బం ఒకటి, అందులో 71 ప్రింట్లు. గోడకు వేలాడే గ్రూప్ ఫొటోల ఫ్రేములు తొమ్మిది. ఐదు నెలల్లో వార్షికోత్సవం ఉంది, "పాతవన్నీ బాగుచేసి ఒక ఎగ్జిబిషన్ పెట్టాలి, కింద పేర్లుండాలి" అన్నారు ప్రిన్సిపాల్ గారు. పేర్లుండాలి అన్న మాట నేను ఆ రోజు సరిగా వినిపించుకోలేదు. బాగుచేయడమే కష్టం, పేర్లదేముంది అనుకున్నాను.

మెట్ల కింద గదిలో తేమ మీటరు పెడితే 81 శాతం చూపించింది. ప్లేట్ల అంచుల్లో వెండి పైకి తేలి అద్దంలా మెరుస్తోంది. కొన్నిటికి మూలల్లో బొమ్మ ఉండే జెలటిన్ పొర లేచింది. ఆల్బం పేజీల మధ్య వెండిచేపలు, అవే, పుస్తకాల్లో పరుగెత్తే తెల్ల పురుగులు.

ముందు చేసిన పని

అందరూ ముందు స్కాన్ చేయమంటారు. నేను ఒప్పుకోలేదు. 81 శాతం తేమలో ఉన్న ప్లేటు మీద జెలటిన్ పొర మెత్తబడి ఉంటుంది, ముట్టుకుంటే వేలిముద్ర దిగుతుంది. అలాగని ఒక్కసారి ఏసీ గదిలోకి తీసుకెళ్లి ఆరబెడితే పొర బిగుసుకుని గాజును వదిలేస్తుంది. అందుకని మొదటి అంతస్తులో ఎండ తగలని లోపలి గది అడిగి, తేమ తీసే యంత్రం పెట్టి, మూడు వారాల్లో మెల్లగా 55 దాకా దించాము. 50 కిందికి దించితే ఇంకా మంచిదే. ఆ గదిలో, ఆ కాలేజీ కరెంటు బిల్లుతో అది అయ్యే పని కాదు. నిలకడగా 55 ఉండడం, పగలు 45, రాత్రి 70 ఉండడం కంటే వెయ్యి రెట్లు నయం.

ప్లేట్లకు రెండు ముఖాలుంటాయి. మెరిసేది గాజు, మసకగా ఉండేది పొర. గాజు వైపు మాత్రమే దూదితో, డిస్టిల్డ్ వాటర్‌లో కాస్త ఆల్కహాల్ కలిపి తుడిచాము. పొర వైపు గాలి బుడ్డి తప్ప ఏదీ తగలనీయలేదు. ఒక్కో ప్లేటునూ నాలుగు మడతల కాగితంలో చుట్టి, పొడుగంచు మీద నిలబెట్టాము. పడుకోబెట్టి ఒకదానిమీద ఒకటి పేరిస్తే కిందివి బరువుకి పగులుతాయి.

ఆల్బం మీద ప్రింట్లను పళ్లు శుభ్రం చేసుకునే దారంతో, మైనం లేని రకంతో, వెనకనుంచి రంపంలా లాగి విడదీశాము. 58 వచ్చాయి. 13 మొండికేశాయి. వాటిని పేజీతో సహా కత్తిరించి ఉంచాము. పీకడానికి ముందు ప్రతి పేజీనీ ఉన్నది ఉన్నట్టు ఫొటో తీశాను. అది అలవాటు కొద్దీ చేసిన పని.

మొదటి తప్పు ఫ్రేముల దగ్గర. తొమ్మిదిట్లో ఆరు ప్రింట్లు అద్దానికి అతుక్కుపోయాయి. వానాకాలంలో జెలటిన్ జిగురై, అద్దాన్ని పట్టుకుని, వేసవిలో అలాగే బిగిసిపోతుంది. ఒకదానికి ఎడమ మూల కాస్త లేచినట్టు కనిపించింది. సన్నటి రేకు దూర్చాను. ఒక అంగుళం సాఫీగా వచ్చింది, రెండో అంగుళం దగ్గర చిన్న చప్పుడు. వెనక వరసలో ఇద్దరు కుర్రాళ్ల మొహాలు అద్దం మీదే ఉండిపోయాయి, కాగితం మీద రెండు తెల్ల మచ్చలు మిగిలాయి. ఆ ఇద్దరూ ఎవరో ఈనాటికీ తెలియదు. ప్రిన్సిపాల్ గారికి అదే రోజు చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, అది ఇంకా బాధ.

తక్కిన ఐదింటినీ విడదీసే ఆలోచన మానేశాను. అద్దంతో సహా ఉంచి, రెండు పక్కలా దీపాలకు పోలరైజర్ రేకులు, లెన్స్‌కి ఒక పోలరైజర్ పెట్టి, మెరుపు లేకుండా కాపీ తీశాము. వెనక చెక్క తీసేసి ఆమ్లం లేని అట్ట వేశాము. అతుక్కున్నది అతుక్కునే ఉండనీ, కొత్త తేమ తగలకపోతే చాలు.

విడగొట్టడం

స్కాన్లు అయ్యాక జాబితా మొదలుపెట్టాను. 146 ప్లేట్లు, 71 ప్రింట్లు. చూడగానే మూడు రకాలుగా కనిపించాయి: కాలేజీ భవనాలు, గ్రూపులు ఒకటి. ఎస్టేటు ఊళ్లు, చెరువు, కళ్లాలు ఒకటి. జమీందారు కుటుంబం ఒకటి. అలాగే మూడు ఫోల్డర్లు చేశాను. కాలేజీకి కావలసింది కాలేజీ ఫొటోలే కదా, తక్కినవి తర్వాత చూద్దామని. ఇది రెండో తప్పు. పెట్టెలో వరస ఎలా ఉందో రాసిపెట్టుకున్నాను గానీ, ఆ వరసకో అర్థం ఉంటుందని ఆలోచించలేదు.

ప్లేట్ల అంచున సిరాతో అంకెలున్నాయి: 1318/3, 1322/14, 1326/2, ఇలా. దివాణంలో ఏదో రిజిస్టరు నంబరనుకుని నోట్ చేసుకుని వదిలేశాను. 1318 నుంచి 1326 దాకా తొమ్మిదే అంకెలు ఎందుకున్నాయి, రిజిస్టరైతే మధ్యలో ఖాళీలుండాలి కదా అన్న ప్రశ్న నాకు తట్టలేదు.

పేర్ల కోసం ఒక ఆదివారం కాలేజీ హాల్లో గుర్తింపు రోజు పెట్టాము. పాత విద్యార్థులకు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు కబురు పెట్టి, పెద్ద ప్రింట్లు తగిలించి, కింద చీటీలు పెట్టాము. జనం బాగానే వచ్చారు. సాయంత్రానికి చీటీలు లెక్కపెడితే ఒకే గ్రూప్ ఫొటోలో కుర్చీలో మధ్యనున్నాయనకు నాలుగు పేర్లు. మూడు కుటుంబాలు మా తాతగారేనన్నాయి. ఇద్దరు పెద్దమనుషులు దాదాపు జుట్టు పట్టుకునేదాకా వెళ్లారు. నుంచున్నవాళ్లకు ఒక్క చీటీ లేదు. నేల మీద కూర్చున్నవాళ్లకు అసలే లేదు. మేము అడిగిన ప్రశ్నే అలాంటిది. "ఈయన ఎవరు" అంటే కుర్చీలో కూర్చున్నాయన గురించే చెబుతారు, అందులోనూ తమవాడైతే బాగుండునన్నదే చెబుతారు.

ఊళ్ల ఫొటోలు పట్టుకుని చెరువు పక్కకు కూడా వెళ్లాము. రెండు కళ్ల తూము, అంటే నీళ్లు వదిలే దారులు రెండున్న తూము, వెనకాల రెండు మూపురాల కొండ ఉన్న ప్రింటు చూపిస్తే, గట్టు మీద కూర్చున్న పెద్దాయన ఒక నిమిషం చూసి, "మా చెరువు కాదండి" అన్నాడు. ఇంకో ఊళ్లోనూ అదే మాట. మూడో ఊరికి వెళ్లలేదు. దివాణంవాళ్లకు వేరే తాలూకాలో కూడా భూములుండేవట, అక్కడివేమోనని తీర్మానించుకుని ఫోల్డర్ మూసేశాను.

జంధ్యం

గుర్తింపు రోజు చివర్లో, రిటైరైన సంస్కృతం మాస్టారు ఒకాయన శంకుస్థాపన ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డారు. పురోహితుడు కొబ్బరికాయ పట్టుకుని ఉన్న ఫొటో అది.

"ఏమండీ, శంకుస్థాపనకి ఈయన ప్రాచీనావీతంగా వేసుకున్నాడేమిటి? తద్దినం పెడుతున్నాడా?"

చూశాను. జంధ్యం కుడి భుజం మీదుగా ఎడమ నడుము వైపు ఉంది. శుభకార్యంలో ఎడమ భుజం మీదుండాలి. కుడి భుజం మీదికి మార్చుకునేది పితృకార్యానికే. ఏ పురోహితుడూ ముహూర్తం వేళ అలా వేసుకోడు. పక్కన చూస్తే దివాను గారి కండువా కుడి భుజం మీద, ఇంకో ఫొటోలో గుమాస్తా ఎడమ చేత్తో రాస్తున్నాడు.

మా ఊళ్ల ఫొటోలు, శంకుస్థాపన ఫొటోలు అన్నీ అద్దంలో బింబాలు. రెండో పెట్టె మొత్తం కుడిఎడమలు మారి స్కాన్ అయింది. మూడో తప్పు అది, చేయి నా దగ్గర స్కాన్ పని చేసే మా కుర్రాడిదైనా సరిచూసే పని నాది.

ఎలా జరిగిందో చెప్పాలి, ఎందుకంటే మళ్లీ ఎవరికైనా జరగొచ్చు. మసక వైపు కెమెరాకు పెట్టి తీస్తే ఫొటో స్పష్టంగా వస్తుంది, కానీ కుడిఎడమలు మారతాయి. తర్వాత కంప్యూటర్లో తిరగెయ్యాలి. మొదటి పెట్టెకి తిరగేశాము. రెండో పెట్టెలో అంచున ఉన్న అంకెలను దివాణం గుమాస్తా మసక వైపు మామూలుగా రాశాడు. అంటే ఆ వైపునుంచి చూస్తే అంకెలు సరిగ్గా కనిపిస్తాయి, బొమ్మ తప్పుగా ఉంటుంది. మా కుర్రాడు స్క్రీన్ మీద 1322/24 చక్కగా చదవగలిగాడు. అంకెలు సరిగ్గా ఉన్నాయంటే బొమ్మ కూడా సరిగ్గా ఉన్నట్టేననుకున్నాడు. నేనున్నా అలాగే అనుకునేవాణ్ణేమో. గ్రూప్ ఫొటోల్లో "ఎడమనుంచి మూడో వ్యక్తి" అని రాసుకున్నవన్నీ కుడినుంచి మూడో వ్యక్తులయ్యారు. 

ఆ రాత్రి 52 స్కాన్లు తిరగేశాము. కొండ కుడి వైపుకి వచ్చింది.

శిస్తు రసీదు

గుర్తింపు రోజున ఇంకోటి జరిగింది, దాన్ని కూడా అప్పుడు పట్టించుకోలేదు. తాతగారు మాకు చెందినవాడేనని రుజువు చూపించడానికి ఒకాయన ఇంట్లో ఫ్రేము కట్టించుకున్న శిస్తు రసీదు తెచ్చాడు. గుర్తింపుకి అది పనికిరాదు, ఫొటో తీసుకుని పంపేశాను. వారం తర్వాత ఆ ఫొటో చూస్తుంటే పైన అచ్చులో ఉంది: ఫసలీ 1341.

ఫసలీ అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం. మద్రాసు ప్రెసిడెన్సీలో జూలై 1న మొదలై జూన్ 30తో ముగిసేది. 590 కలిపితే మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1341 అంటే 1931 జూలై నుంచి. అయితే 1322 అంటే 1912 జూలై నుంచి 1913 జూన్ దాకా. ప్లేట్ల మీదున్నవి రిజిస్టరు నంబర్లు కావు, సంవత్సరాలు. గీత తర్వాత అంకె ఆ ఏడాదిలో తీసిన వరస. దివాణం గుమాస్తా ఫొటోలను కూడా శిస్తు లెక్కలాగే దాచాడు. ఆయన ఉద్యోగానికి అది సహజం, నాకే తట్టలేదు.

ఒక్క ఆధారం మీద తేదీ వెయ్యకూడదు కదా, రెండోది వెతికాను. ఆల్బం నుంచి విడదీసిన శంకుస్థాపన ప్రింటు వెనక మసకబారిన సిరాతో "పరీధావి మార్గ॥ శు॥" అని ఉంది. పరీధావి నామ సంవత్సరం 1912 ఉగాది నుంచి 1913 ఉగాది దాకా. మార్గశిర శుద్ధం ఆ ఏడాది డిసెంబరులో పడింది. ఫసలీ, తెలుగు సంవత్సరం రెండూ ఒకేచోట కలిశాయి. అరవై ఏళ్లకోసారి తిరిగి వచ్చే పేరు ఒక్కదాన్నే నమ్మితే 1852 కూడా కావచ్చు, 1972 కూడా కావచ్చు.

అప్పుడు మూడు ఫోల్డర్లూ రద్దు చేసి, గుమాస్తా వేసిన వరసలో పేర్చాను. ఫసలీ 1322 వరస ఇలా ఉంది. మొదట కచేరీ గుమ్మం, కవిలె కట్టలతో, అంటే ఊరి లెక్కల కట్టలతో, కరణాలు. తర్వాత ఊరి వెంట ఊరు: తూము, చెరువు గట్టు, కళ్లంలో కుప్పలు, గాదెల ముందు కుంచంతో కొలుస్తున్న మనుషులు. 24వది శంకుస్థాపన. అక్కణ్ణుంచి 31 దాకా కాలేజీ గ్రూపులు. ఇది ఫొటో సరదా కాదు, దివాను గారి పంట తనిఖీ మకాం, అంటే అజమాయిషీ. అజమాయిషీ అన్న మాటను ఇప్పుడు పెత్తనం అన్న అర్థంలో వాడుతున్నాం గానీ, రెవెన్యూ లెక్కల్లో అది చేలో నిలబడి పంట చూడడమే. ఆ తిరుగుడు చివర కాలేజీ పునాది.

కళ్లాలు చూసి నేరుగా శంకుస్థాపనకి ఎందుకొచ్చారు? కాలేజీ మినిట్స్ పుస్తకాలు తిరగేస్తే ఒక తీర్మానం దొరికింది. భవన నిధి కింద ఐదు గ్రామాల కమతం రాబడి ఇస్తున్నట్టు, గ్రామాల పేర్లతో. ఫొటోల్లో ఊళ్లు కూడా ఐదే. నేను విడగొట్టి "కాలేజీ" ఫోల్డర్లో పెట్టినవాటి డబ్బు, "ఎస్టేటు" ఫోల్డర్లో మూసేసినవాటిలోంచి వచ్చింది. గుమాస్తా కలిపి ఉంచాడు, నేను విడదీశాను.

మళ్లీ చెరువు దగ్గరికి

సరిచేసిన ప్రింట్లు పట్టుకుని అదే గట్టుకి వెళ్లాము. ఈసారి ఎవరు అని అడగలేదు. "ఇది ఎక్కడ నిలబడి తీశారు, మీరు చూపించగలరా" అన్నాను. అదే పెద్దాయన ప్రింటు చేతిలోకి తీసుకుని లేచాడు. గట్టు మీద నడుస్తూ ఆగి, వెనక్కి ఒక పది అడుగులు వేసి, కొండ వంక చూశాడు.

"ఇదిగో, ఇక్కడ. ఈ రెండు కళ్ల తూము ఈ చెరువుకి ఒక్కటేనండి. మొన్న తిరగేసి చూపించారేంటి?"

ఆ తూముకి ఒక కన్ను తర్వాత పూడ్చేశారట, రాతి గుంజ మాత్రం అలాగే ఉంది. ఆ గుంజ దగ్గర నిలబడి ఫోన్‌తో ఇప్పటి ఫొటో తీసి పక్కన పెట్టాము. అలా మూడు రోజుల్లో నాలుగు ఊళ్లు స్థిరపడ్డాయి. ఐదో ఊరి కళ్లం ఇప్పుడు రైస్‌మిల్లు, దాన్ని "బహుశా" అని రాశాము. చోటు తెలిశాక మనుషుల సంగతి కూడా కాస్త కదిలింది. కుంచం పట్టుకున్నాయన పేరు ఎవరూ చెప్పలేదు గానీ, ఆ ఊళ్లో కొలత పని ఏ ఇంటివాళ్లు చేసేవారో ఇద్దరు వేర్వేరుగా, ఒకేలా చెప్పారు. దాన్ని లేబుల్లో పెట్టలేదు, జాబితాలో మా నోటుగా ఉంచాము.

ఇప్పుడు చేసే పద్ధతి

ఏ పెట్టె వచ్చినా ఉన్న వరసను ముట్టుకోను. రకాల వారీగా విడగొట్టడం కంప్యూటర్లో ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు, పెట్టెలో వరస పోతే మళ్లీ రాదు. అంచున అంకెలుంటే అవి ఏ లెక్కవో తేలేదాకా నంబర్లనుకోను. తెలుగునాట ఎస్టేటు సామాను అయితే ముందు ఫసలీ కోసం చూస్తాను. స్కాన్ తిరగేసిందో లేదో తెలుసుకోవడానికి అంకెలు చూడను, జంధ్యం, కండువా, రాసే చెయ్యి చూస్తాను. మా కుర్రాడు ఇప్పుడు ప్రతి పెట్టెకీ మొదటి ప్లేటు పక్కన ఒక చీటీ పెట్టి, దాని మీద మసక వైపు ఎటుందో రాసి, దాన్ని కూడా కలిపి తీస్తున్నాడు.

పేర్ల విషయంలో ఒకటే నియమం పెట్టుకున్నాము. ఒకరినొకరు ఎరగని ఇద్దరు చెబితేనో, కాగితం మీద ఉంటేనో పేరు. లేకపోతే చోటు, ఫసలీ, చేస్తున్న పని. కుర్చీలో మధ్యనున్నాయనకు పేరు రాయలేదు. మూడు కుటుంబాలూ అలిగాయి. ప్రిన్సిపాల్ గారు కాస్త టెన్షన్ పడ్డారు గానీ, మినిట్స్ పుస్తకంలో పేర్లతో గ్రూప్ పట్టిక దొరికితే రాద్దామని సర్దిచెప్పారు. ఇంకా దొరకలేదు.

ఎగ్జిబిషన్ ఫసలీ వరసలోనే పెట్టాము. కాలేజీ వార్షికోత్సవానికి కళ్లాల ఫొటోలేంటని మొదట కొందరు అడిగారు. మినిట్స్ తీర్మానం నకలు 23, 24 ఫొటోల మధ్య తగిలించాక అడగలేదు. చెరువు దగ్గరి పెద్దాయన మనవడి స్కూటర్ మీద వచ్చి, తూము ఫొటో ముందు ఆగి, ఒక కాపీ కావాలన్నాడు. పూడ్చిన కన్ను మళ్లీ తెరిపించమని అర్జీ పెట్టుకోవాలట, దానికి రుజువుగా.

ప్లేట్లు మొదటి అంతస్తు గదిలోనే ఉన్నాయి. ఏటా వానాకాలం ముందు ఒకసారి వెళ్లి మీటరు చూసి వస్తాను. నేను చెడగొట్టిన ఫ్రేమును పారేయనివ్వలేదు. ఆ ఇద్దరి మొహాలున్న అద్దాన్ని విడిగా కాగితంలో చుట్టి, మీద "1323/8, వెనక వరస, కుడినుంచి ఆరు, ఏడు" అని రాసి, మూడో పెట్టెలో నిలబెట్టాను.